పెరట్లో మొలిచిన మొక్కల్లో తాబేలుకి ఏవి పెట్టొచ్చు? గుర్తుపట్టడంలో సాయం కావాలి

వెన్నెల_పెరడు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో సుల్కటా జాతి తాబేలు పిల్ల ఉంది, అరచేతికన్నా కాస్త పెద్దది. ఇన్నాళ్లూ కొన్న ఆకులూ, తరిగిన ఎండుగడ్డీ పెడుతున్నాం. వానలు పడ్డాక పెరడంతా పచ్చగా లేచింది. ఇంత మేత కాళ్ల ముందే ఉంటే కొనుక్కురావడం ఎందుకనిపిస్తోంది. కానీ ఏది మంచిదో ఏది విషమో తెలియకుండా దాన్ని బయటికి వదలడానికి మనసొప్పడం లేదు. ఫోటోలు సరిగ్గా రాలేదు, మాటల్లో చెప్తాను.

మొదటిది నేల మీద పాకుతూ, సన్నటి పొడుగు కాడ చివర ఒక్కొక్క పువ్వు పూసింది. మధ్యలో పసుపు, చుట్టూ తెల్లటి రేకులు, ఆకు పట్టుకుంటే గరుకు. రెండోదానికి పువ్వు లేదు. క్యారెట్ ఆకులా చీలికలైన ఆకులు నేలకి అతుక్కుని గుండ్రంగా పరుచుకున్నాయి. గోడ వారగా ఎర్ర కాడలతో పాకేది ఒకటుంది, దాని ఆకులు మందం. నీలం కలిసిన పచ్చరంగులో ముళ్ల ఆకులతో ఇంకొకటి, మొగ్గ కూడా రాలేదు. కుండీల పక్కన మూడేసి ఆకులు గుత్తిగా ఉండేది తెగ పెరిగింది. గరిక ఒక్కటే నాకు కచ్చితంగా తెలుసు. పక్కింటి వాళ్ల గన్నేరు కంచె మా వైపు వంగి ఉంటుంది, అదీ చెప్పాలి కదా.

డిప్పనేస్తం

ముందు ఆ గన్నేరు సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. గన్నేరులో గుండె మీద పనిచేసే విషం ఉంది. ఆకు, పువ్వు, కాడ, అన్నిట్లో ఉంటుంది. ఎండి రాలిన ఆకుల్లోనూ ఆ విషం పోదు. అందరూ ఏమరుపాటుగా ఉండేది అక్కడే, పచ్చి కొమ్మ అందకపోతే చాలనుకుంటారు. రాలిన ఆకు గాలికి కొట్టుకొచ్చి గరికలో పడితే సుల్కటా పిల్ల గరికతో పాటే కొరికేస్తుంది. పక్కింటివాళ్లతో మాట్లాడి మీ వైపు కొమ్మలు కొట్టించండి. అప్పటిదాకా కంచెకి దూరంగా చిన్న దడి కట్టి, రోజూ ఊడ్చాకే లోపల వదలండి. పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు ఉన్నా అంతే జాగ్రత్త.

ఇక మేత. సుల్కటా ఆఫ్రికా సాహెల్ గడ్డి మైదానాల జీవి, దానికి ప్రధానంగా గడ్డే కావాలి. మీ దగ్గర గరిక ఉందంటే సగం సమస్య తీరినట్టే. పిల్లలకి పొడుగు పరకలు కొరకడం కష్టం, వేలి గణుపంత ముక్కలు చేసి పెట్టండి. మిగతా మొక్కల గురించి గడ్డిపరక గారు చెప్తే బాగుంటుంది, నాకన్నా ఆవిడకి బాగా తెలుసు.

గడ్డిపరక

వెన్నెల గారూ, మీరు వర్ణించిన తీరు చాలా ఫోటోలకన్నా నయం. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది గడ్డిచామంతిలా ఉంది. ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అంటారు. తేల్చుకోవడానికి పువ్వుని దగ్గరగా చూడండి. తెల్లటి రేకులు మామూలుగా ఐదు ఉంటాయి, ప్రతి రేకు చివరా మూడు చిన్న పళ్లు కోసినట్టు ఉంటుంది. ఆకు అంచు రంపంలా, ఒంటి మీద గరుకు నూగు. జానెడు కాడ మీద ఒకే పువ్వు, కొమ్మలు చీలదు. ఈ లక్షణాలన్నీ కలిస్తే నిస్సంకోచంగా పెట్టండి, తాబేళ్లు పువ్వుతో సహా ఇష్టంగా తింటాయి.

రెండోది చూస్తే నాకు భయంగా ఉంది. చీలికల ఆకులు నేలకి అతుక్కుని పరుచుకోవడం వయ్యారిభామ, అంటే పార్థీనియం, లేత దశ. ఆ దశలో అది ఎంతో ముద్దుగా, మెత్తగా, మేతలా కనిపిస్తుంది. పెరిగాక నిలువు గీతలున్న కాడ లేచి, కొమ్మకొమ్మకీ ఆవగింజకన్నా కాస్త పెద్ద తెల్లటి పువ్వులు గుంపులుగా వస్తాయి. పార్థినిన్ అనే విషపదార్థం ఉంది. మనుషుల చర్మానికే దద్దుర్లు, పశువులకీ హాని. చేతికి తొడుగులు వేసుకుని, పూత రాకముందే వేరుతో పీకేయండి.

మూడోది మాత్రం మీ వర్ణనతో తేలదు. ఎర్ర కాడ, మందం ఆకు అంటే మూడు నాలుగు మొక్కలకి సరిపోతుంది. ఒక ఆకు తుంచి తొడిమ దగ్గర ఏం కారుతుందో చూసి చెప్పండి. ఆకులు రెండేసి ఎదురెదురుగా ఉన్నాయా? ఉంటే ఆ రెండూ ఒకే సైజా, ఒకటి పెద్దది ఒకటి చిన్నదా?

వెన్నెల_పెరడు

ఎంత ఓపిగ్గా చెప్పారండీ! గన్నేరు గురించి పక్కింటి వాళ్లతో మాట్లాడాను, రేపే కొట్టిస్తామన్నారు.

మూడోది ఇప్పుడే తుంచి చూశాను. నీళ్లలా ఉంది, పాలు రాలేదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకటి పెద్దది, రెండోది దాదాపు సగం. గోడ చివర్న ఇలాగే ఎర్ర కాడతో పాకేది ఇంకొకటి కనిపించింది, దాని ఆకు పల్చగా ఉంది. అది తుంచితే తెల్లగా పాలు కారాయి.

గడ్డిపరక

అయితే రెండు వేర్వేరు మొక్కలు పక్కపక్కనే పెరుగుతున్నాయి. పాలు కారేది నానబాలు జాతి, యుఫోర్బియా. ఆ పాలు నోటినీ కళ్లనీ మండిస్తాయి, తీసేయండి. జంట ఆకుల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది అన్నారు కాబట్టి పాలు లేనిది గలిజేరు, ట్రయాంథిమా. పువ్వు ఆకు పంగలోనే ఒదిగి ఉంటే ఇక అనుమానం లేదు. దీనికి దగ్గరగా కనిపించే అటికమామిడిలో గులాబీ రంగు చిన్న పువ్వులు పొడుగు కాడల మీద బయటికి వస్తాయి, కాయలు బట్టలకి అంటుకుంటాయి. గంగవావిలిలో ఆకులు ఇంకా మందం, నున్నన, కొమ్మ చివర పసుపు పువ్వు.

గలిజేరు, గంగవావిలి విషాలు కావు. కానీ రెండిట్లోనూ ఆక్సలేట్లు ఎక్కువ. అవి మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. పెరిగే పిల్లకి డిప్పా ఎముకా గట్టిపడాల్సిన వయసు. అందుకని నాలుగు రకాల మేతలో కొన్ని ఆకులు కలపొచ్చు, గిన్నె నిండా అదే పెట్టకూడదు. చిలకతోటకూర, ముళ్లతోటకూరకీ ఇదే మాట. మూడాకుల మొక్క ఆకులు గుండె ఆకారంలో, చివర నొక్కుతో ఉంటే అది పులిచింత, అందులోనూ ఆక్సలేట్లే. ఆకులు కోలగా, మధ్యలో తెల్లటి చంద్రవంకలాంటి గుర్తుతో ఉంటే క్లోవర్. రుచి చూసి తేల్చుకోవడం మాత్రం వద్దు, ఏ మొక్కనైనా.

సహజం

ఇంత హైరానా ఎందుకండీ? అడవిలో తాబేలుకి ఎవరు చెప్తున్నారు ఏది తినాలో? లక్షల ఏళ్లుగా బతికొచ్చిన జీవి, తనకి పడనిది తనే వదిలేస్తుంది. మా చిన్నాన్న వాళ్ల తాబేలు పెరడంతా తిరిగి తింటుంది, చక్కగా ఉంది. మరీ ఏరి ఏరి పెడితే దానికున్న తెలివి కూడా పోతుందేమో అని నా అభిప్రాయం.

డిప్పనేస్తం

సహజం గారూ, మీ మాటని తేలిగ్గా తీసెయ్యను, నేనూ తాబేళ్లని వీలైనంత బయటే తిప్పుతాను. కానీ అడవిలో సుల్కటా ఎంతో దూరం తిరుగుతుంది, ఇక్కడో కొరుకు అక్కడో కొరుకు. మన పెరట్లో నాలుగు గోడల మధ్య ఉన్నదే తినాలి. ఆకలేస్తే ఎదురుగా ఏదుంటే దాన్నే కడుపు నిండా తింటుంది. పైగా వయ్యారిభామ, లంటానా, ముళ్ల బలురక్కసి, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలు. ఆఫ్రికా తాబేలుకి తరతరాలుగా వాటితో పరిచయమే లేదు. ఏ జ్ఞాపకంతో వదిలేస్తుంది చెప్పండి?

మంచుపూలు

అన్నా, ఆ వాదనలో ఒక చిక్కుంది. గడ్డిచామంతి కూడా అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిందే, నాగజెముడూ అక్కడిదే. అవి తాబేళ్లకి మంచి మేత. కాబట్టి కొత్త మొక్క అయితే చెడ్డది, పాతది అయితే మంచిది అని అనుకోకూడదు. మీరు చెప్పదలచింది తాబేలు వాసన చూసి వదిలేస్తుందని నమ్ముకోకూడదనే కదా, దాన్ని నేనూ ఒప్పుకుంటాను. తాబేళ్లు రంగుకి లొంగిపోతాయి. పసుపు, ఎరుపు ఏది కనిపించినా ముందు నోరు పెట్టేస్తాయి. నా హెర్మన్ తాబేలు పసుపు రంగు ప్లాస్టిక్ మూతని కొరకబోయింది. దానికి విషం తెలుసని నేనెలా అనుకోను?

మా దగ్గర చలి ఎక్కువ, మొక్కలు వేరు. డాండెలైన్, ప్లాంటేగో, సోంచస్, చిక్‌వీడ్ మా తాబేలుకి రోజువారీ మేత. సుల్కటాలా కాదు ఇది, గడ్డి పెద్దగా తినదు, వెడల్పాకు కలుపు మొక్కలే దానికి కావాలి. ఇక్కడ పేచీ పెట్టేది చిక్‌వీడ్. దానితో పాటే స్కార్లెట్ పింపర్నెల్ అనే విషపు మొక్క మొలుస్తుంది. పువ్వు వచ్చేదాకా రెండూ అచ్చం ఒకలాగే ఉంటాయి. నేను చూసే పద్ధతి చెప్తాను. కాడని వేళ్ల మధ్య దొర్లిస్తే చిక్‌వీడ్ గుండ్రంగా తిరుగుతుంది, వెలుతురుకి పెడితే కాడ పొడవునా ఒకే వరసలో సన్నటి నూగు కనిపిస్తుంది. పింపర్నెల్ కాడ నాలుగు పలకలు, వేళ్లకి అంచులు తగులుతాయి. ఆకు తిరగేస్తే కింద నల్లటి చుక్కలుంటాయి.

సహజం

చుక్కలు, పలకలు అని ఇంత దగ్గరగా చూడాలని నాకు తోచలేదు. చిన్నాన్న వాళ్ల పెరట్లో ఏమేం ఉన్నాయో ఈ ఆదివారం వెళ్లి చూస్తాను. ఏవి కనిపిస్తే వెంటనే తీసెయ్యాలి?

గడ్డిపరక

గన్నేరు సంగతి పైన వచ్చేసింది. జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, లంటానా, ఇవి కనిపిస్తే చర్చే అక్కర్లేదు. ఆముదం గింజలో, గురివింద గింజలో ఉన్న విషాలు అతి కొద్ది మోతాదులోనే ప్రాణం తీస్తాయి. గురివింద గింజ ఎర్రగా మెరుస్తుంది కూడా, మంచుపూలు గారు రంగు గురించి అన్నది గుర్తుపెట్టుకోండి. లంటానా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చేమ, డైఫెన్‌బాకియా లాంటి వాటి ఆకుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, నోరు వాచిపోతుంది. కామంచి, బుడ్డకాశ కూడా ఉమ్మెత్త కుటుంబమే. పండినవి మనుషులు తింటారు కదా అని ఆకు, పచ్చికాయ తాబేలుకి పెట్టకండి.

పల్లేరు విషయంలో కాయ ముళ్లు అరికాళ్లకీ నోటికీ గుచ్చుకుంటాయి. అది మేసిన గొర్రెలకి కాలేయం చెడి, ఎండ తగిలితే ముఖం వాచే జబ్బు వస్తుందని పశువైద్యంలో ఎప్పటినుంచో తెలిసిందే. నేను దాన్ని పెరట్లో ఉంచను.

గడ్డి అంటే అన్నీ మంచివే అనుకోవద్దు. జొన్న, దాని చుట్టమైన గడ్డిజొన్న లేతగా ఉన్నప్పుడు, మరీ ముఖ్యంగా వానలు ఎగ్గొట్టి వాడిపోయినప్పుడు, వాటిలో సైనైడ్ తయారవుతుంది. లేత పిలకలు మేసి పశువులు పడిపోవడం రైతులకి తెలిసిన సంగతే. తాబేలు కోసం జొన్న మొలకెత్తించి పెట్టకండి.

వెన్నెల_పెరడు

ముళ్ల ఆకుల మొక్క సంగతి మిగిలిపోయింది. యాప్‌లో ఫోటో పెడితే ఒకసారి సోంచస్ అంది, ఇంకోసారి బలురక్కసి అంది. మంచుపూలు గారు సోంచస్ మంచి మేత అన్నారు, డిప్పనేస్తం గారు బలురక్కసిని చెడ్డవాటిలో కలిపారు. ఏం చెయ్యను?

గడ్డిపరక

యాప్ చూపించే మొదటి పేరు ఒక ఊహ అనుకోండి. పువ్వు లేని మొక్కకి ఒక్క ఆకు ఫోటో పెడితే అది అంతకన్నా చెప్పలేదు. పువ్వు ఒకటి, ఆకు పైన, ఆకు కింద, కాడకి ఆకు అతుక్కునే చోటు, ఇలా వేర్వేరుగా తీసి పెడితే జవాబు మెరుగవుతుంది. వచ్చిన శాస్త్రీయ నామం పట్టుకుని ద టార్టాయిస్ టేబుల్ లాంటి చోట వెతకండి. తాబేళ్ల మేత మొక్కల్ని ట్రాఫిక్ లైట్ల రంగుల్లో చూపిస్తారు, ఆకుపచ్చ అయితే పెట్టొచ్చు, ఎరుపైతే వద్దు.

మీ మొక్కకి అంతదూరం పోనక్కర్లేదు. ఆకు తుంచండి. సోంచస్ అయితే తెల్లటి పాలు, కాడ లోపల బోలు, ఆకు అడుగుభాగం చెవుల్లా కాడని చుట్టుకుని ఉంటుంది. బలురక్కసి అయితే చిక్కటి పసుపు రంగు కారుతుంది, ఈనెల వెంట తెల్లటి చారలుంటాయి, కాయ మీదా ముళ్లే. దాని గింజ ఆవగింజలా ఉంటుంది, ఆవాల్లో కలిసి నూనెలోకి వెళ్తే మనుషులకే ఒళ్లు నీరు పట్టే జబ్బు వస్తుంది. తుంచేటప్పుడు తొడుగులు మరవకండి.

ఇంకొక పద్ధతి, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. ఏమిటో తేలని మొక్కని వేరుతో తీసి కుండీలో పెట్టి, తాబేలుకి అందని చోట పెంచండి. పువ్వు వచ్చేదాకా ఆగండి, కాయ కాస్తే ఇంకా మంచిది. ఆకు మోసం చేస్తుంది, పువ్వు చెయ్యదు. మేతకి తొందరేం లేదు, గరిక ఉంది కదా.

కూర్మవైద్యం

ఈ రకం జీవులకి వైద్యం చేసేదాన్ని, రెండు మాటలు చెప్పాలనిపించింది. తాబేలు జీర్ణం చాలా నెమ్మది. తిన్నది బయటికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే ఏదో కొత్త ఆకు పెట్టి, సాయంత్రానికి హుషారుగానే ఉందని అది మంచిదని తేల్చేయకండి. ఇంటర్నెట్‌లో చాలా జాబితాలు ఇలాగే పుడుతున్నాయి.

విషపు మొక్క తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. నోటి వెంట నురగ, చొంగ, మేత ముట్టకపోవడం, కాళ్లు వేలాడేయడం, కళ్లు తెరవకపోవడం, వీటిలో ఏది కనిపించినా అది అప్పటికే ఆలస్యం కావొచ్చు. వెంటనే వైద్యం తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. తిన్న మొక్కని వేరు, పువ్వు, కాయ ఉన్నంతవరకు కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది రాసిపెట్టుకోండి. ఇంట్లో కక్కించే ప్రయత్నం చేయొద్దు, నోట్లో పాలో నూనెనో పోయొద్దు.

మరో సంగతి. నా దగ్గరికి వచ్చే తాబేళ్లలో విషం తిన్నవాటికన్నా నీళ్లు చాలనివి, కాల్షియం చాలనివి ఎక్కువ. మేతలో కాల్షియం, భాస్వరం కనీసం రెండుకి ఒకటి పాళ్లలో ఉండాలి. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, దానికి ఎండైనా, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఇచ్చే యూవీబీ బల్బయినా ఉండాలి. గాజు కిటికీలోంచి వచ్చే ఎండ సరిపోదు, గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. పిల్ల తాబేళ్లని గోరువెచ్చని నీళ్లలో గడ్డం మునగనంత లోతులో కూర్చోబెడుతూ ఉండండి. నీళ్లు తక్కువైతే మూత్రాశయంలో రాళ్లు కడతాయి. డిప్ప మీద గుట్టలు లేవడానికి ప్రోటీనే కారణమని చాలామంది అనుకుంటారు. 2003లో సుల్కటా పిల్లల మీద చేసిన అధ్యయనంలో గాలిలో తేమ తగ్గడమే దానికి ఎక్కువ కారణమని తేలింది.

ఎర్రకాళ్లు

నాది రెడ్‌ఫుట్ తాబేలు. అడవి జాతి, పండ్లు కూడా తింటుంది. పైన చెప్పిన మొక్కలు నాకూ వర్తిస్తాయా? నక్షత్ర తాబేలు గురించి కూడా ఒక స్నేహితుడు అడుగుతున్నాడు, పొలంలో దొరికిందట, పెంచుకుందామనుకుంటున్నాడు.

డిప్పనేస్తం

విషం అన్నిటికీ విషమే. పెట్టే పాళ్లు మాత్రం జాతిని బట్టి మారతాయి. నీ రెడ్‌ఫుట్‌కి గడ్డి పెద్దగా అక్కర్లేదు, వెడల్పాకులు, మందార ఆకులూ పువ్వులూ, కొంచెం పండు చాలు. ఆ పండు సుల్కటాకి పెడితే కడుపు పాడవుతుంది.

నక్షత్ర తాబేలు మాటకొస్తే, మీ స్నేహితుడికి గట్టిగా చెప్పండి, అది అడవి జీవి. 2019లో దాన్ని సైటిస్, అంటే అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, మొదటి అనుబంధంలోకి చేర్చారు, అంటే దొంగ వ్యాపారం వల్ల అంతగా ముప్పులో ఉంది. పొలంలో కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వాలి. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖ వాళ్లకి అప్పగించాలి. ఇంటికి తెచ్చుకోవడం మాత్రం వద్దు, దాని మేత గురించి ఇక్కడ సలహా ఇవ్వను.

వెన్నెల_పెరడు

ముళ్ల మొక్క ఆకు తుంచాను. పసుపు రంగే కారింది, నిమ్మపండు రంగు కూడా కాదు, పసుపు కొమ్ము అరగదీసినంత చిక్కగా. ఉన్నవన్నీ తీసేశాను. క్యారెట్ ఆకుల మొక్కని గడ్డిపరక గారు చెప్పినట్టు ఒకటే కుండీలో ఉంచి మిగతావి పీకేశాం. మూడాకులది పులిచింతే, నొక్కు స్పష్టంగా ఉంది. గడ్డిచామంతి రేకులకి మూడేసి పళ్లు ఉన్నాయి! రేపటి నుంచి గరికతో కలిపి మొదలుపెడతాను.

ఇంకొకటి అడగాలి. ఎండాకాలం కోసం ఇవి కోసి ఎండబెట్టి దాచుకోవచ్చా?

మంచుపూలు

దాచుకోవచ్చు. నేను ఆరు నెలలు అదే చేస్తాను. పూత మొదట్లో కోసి, నీడలో గాలి ఆడే చోట పల్చగా పరచండి. చేత్తో నలిపితే పెళపెళలాడాలి. కొంచెం తడి ఉన్నా బూజు పడుతుంది, బూజు వాసన వస్తే కట్ట మొత్తం పారేయండి, పై పొర తీసి పెట్టొద్దు. పెట్టేముందు నీళ్లు చిలకరిస్తే మెత్తబడుతుంది. ఎండబెడితే ఆక్సలేట్లు పోవు, కాబట్టి గలిజేరు లాంటివి దాచకండి. ఎండాక మొక్కని గుర్తుపట్టడం కష్టం. అన్నీ కలిపి ఆరబెట్టొద్దు, ఒక్కో రకం వేరే సంచిలో వేసి పేరు రాయండి.

కోసే చోటు కూడా ముఖ్యం. కలుపు మందు కొట్టిన చోటా, రోడ్డు పక్కనా, కుక్కలు తిరిగే చోటా వద్దు. నత్తల మందు గుళికలు చల్లిన కుండీల దగ్గరికి తాబేలుని అసలు పోనివ్వకండి. మందారం నర్సరీ నుంచి తెస్తే దానికి వేర్ల ద్వారా ఎక్కే పురుగుమందు వేసి ఉండొచ్చు. మట్టి మార్చి, కొన్ని నెలలు పెంచి, కొత్తగా వేసిన చిగుళ్లే పెట్టండి.

గడ్డిపరక

మంచుపూలు గారి మాటకి ఒకటి కలుపుతాను. వాన పడిన మర్నాడు పుట్టగొడుగులు లేస్తాయి. పొద్దున్నే తాబేలుని వదిలేముందు అవి ఉన్నాయేమో చూసి తీసేయండి. కుండీలోని మొక్క పువ్వు వేశాక ఫోటో పెట్టండి వెన్నెల గారూ, కాడ మీద నిలువు గీతలు కూడా కనపడేలా. వయ్యారిభామే అయితే గింజ రాలకముందే కుండీ మట్టితో సహా తీసెయ్యాలి.